పేరు చెప్పకుండా అర్హత నిరూపించుకోవడం: బ్లాక్‌చెయిన్ మీద గోప్యతతో కూడిన గుర్తింపు ధ్రువీకరణ

10.1 పరిచయం

ఇంతకు ముందు పాఠాలలో మీరు హ్యాష్ ప్రమేయం, జంట తాళంచెవుల పద్ధతి, డిజిటల్ సంతకం, బ్లాక్‌చెయిన్ నిర్మాణం చదివారు. అవి గుర్తున్నాయన్న నమ్మకంతోనే ఈ పాఠం మొదలుపెడుతున్నాను. గుర్తు లేకపోతే ఒకసారి వెనక్కి తిరగేసి రండి, తొందరేమీ లేదు.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఏ రోడ్డులో నడిచినా హాస్టల్ బోర్డులు కనిపిస్తాయి. హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు వెళ్ళేవారు, ఉద్యోగం వెదుక్కునేవారు, కోచింగులో చేరినవారు వాటిలో ఉంటారు. ఈ పాఠం చదివే మీలో కొందరు ఇప్పుడు అక్కడే ఉండి ఉండవచ్చు. చేరిన రోజున అడ్వాన్సుతో పాటు ఒక ఫోటో, ఆధార్ జిరాక్సు ఇస్తారు. ఆ కాగితం ఒక ఫైల్లోకి వెళ్తుంది. మీరు హాస్టల్ ఖాళీ చేసినా అది ఖాళీ చేయదు.

హాస్టల్ యజమానికి నిజంగా కావలసింది ఏమిటి? ఈ మనిషి తాను చెప్పిన మనిషేనా, మైనరు కాదు కదా, ఏదైనా జరిగితే ఎవరికి కబురు చేయాలి, ఇంతే. ఆయన చేతికి వెళ్ళింది ఏమిటి? పూర్తి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, ఊళ్ళో ఇంటి చిరునామా, ఫోటో, పన్నెండు అంకెల సంఖ్య. అడిగిన ప్రశ్నకూ ఇచ్చిన జవాబుకూ మధ్య ఉన్న ఈ తేడాయే ఈ పాఠానికి విషయం. ఆ తేడాను తగ్గించే గణితం ఉంది. దానిలో బ్లాక్‌చెయిన్ పాత్ర ఏమిటో, ఏది కాకూడదో కూడా చూద్దాం.

10.2 అవసరానికి మించి చూపిస్తే

2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన ఒక కేసు ఈ విషయం చదివేవారందరూ తెలుసుకోవలసినది. పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి భూమి దస్తావేజులు దించుకున్నాడని, వాటి మీద ఉన్న వేలిముద్రలను రబ్బరు స్టాంపు తయారుచేసే పద్ధతిలో అచ్చులుగా పోసుకున్నాడని, అదే దస్తావేజులో ఉన్న ఆధార్ సంఖ్యను జోడించి వేల సంఖ్యలో సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. ఉద్దేశం అమ్మకాల టార్గెట్టు పూర్తిచేయడమట.

ఇందులో ఎవరూ కంప్యూటర్లలోకి చొరబడలేదు. దస్తావేజు బహిరంగ పత్రం, ఎవరైనా చూడవచ్చు. భూమి ఎవరిదో పదిమందికీ తెలియాలి కాబట్టి అలా ఉండటం సబబే. అయితే భూమి ఎవరిదో తెలియడానికి బొటనవేలి గీతలు కనబడనవసరం లేదు. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు; వేలిముద్ర మార్చుకోలేం.

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2018 సెప్టెంబరు 26న ఆధార్ చట్టాన్ని చాలావరకు సమర్థిస్తూనే, ప్రైవేటు సంస్థలు ఒప్పందాల పేరుతో ఆధార్ ధ్రువీకరణ అడిగేందుకు వీలిచ్చిన భాగాన్ని కొట్టివేసింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం సంగతి మరో పాఠంలో వివరంగా వస్తుంది. ఇక్కడ ఒక్క మాట చాలు: ఒక కాగితం చేతులు మారిన తరువాత చట్టం శిక్షించగలదు గాని, వెనక్కి తెప్పించలేదు.

10.3 బ్లాక్‌చెయిన్ మీద ఏది రాయకూడదు

బ్లాక్‌చెయిన్ మీద రాసినది చెరగదు, నెట్‌వర్కులో ఉన్నవారందరి దగ్గరా దాని ప్రతి ఉంటుంది. లెక్కల పుస్తకానికి ఇవి సుగుణాలు. మనిషి వివరాలకు ఇవే దుర్గుణాలు. పైన చెప్పిన దస్తావేజులను కనీసం వెబ్‌సైటు నుంచి తీసివేయవచ్చు. అవే వేలిముద్రలు వంద కంప్యూటర్లలో శాశ్వతంగా ఉంటే? 2023 చట్టం మన సమాచారాన్ని చెరిపించమని అడిగే హక్కు ఇచ్చింది. చెరగని పుస్తకంలో ఆ హక్కు అమలు చేయడం ఎలా?

ఇక్కడ విద్యార్థులు తరచుగా చెప్పే జవాబు ఒకటుంది: ఆధార్ సంఖ్యను నేరుగా రాయం, దాని హ్యాష్ రాస్తాం, హ్యాష్ నుంచి వెనక్కి రాలేరు కదా! పరీక్షల్లోనే కాదు, నిజమైన ప్రాజెక్టు నివేదికల్లో కూడా ఈ మాట చూశాను. లెక్క వేసి చూడండి. ఆధార్‌లో పన్నెండు అంకెలు. మొదటి అంకె 0 గాని 1 గాని కాదు, కాబట్టి ఎనిమిది అవకాశాలు. చివరి అంకె మిగతా పదకొండు అంకెల నుంచి వెర్హోఫ్ పద్ధతిలో లెక్కగట్టిన తనిఖీ అంకె. దానికి స్వేచ్ఛ లేదు. మధ్యలో పది అంకెలు. మొత్తం 8 × 10,00,00,00,000, అంటే 8,000 కోట్ల అవకాశాలు. ఆటలు ఆడుకునే కంప్యూటర్లో ఉండే మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు వంద కోట్లకు పైగా షా-256 హ్యాష్‌లు లెక్కిస్తుంది. వంద కోట్లే అనుకుందాం. 80 సెకన్లలో ఉన్న సంఖ్యలన్నీ అయిపోతాయి. హ్యాష్ నుంచి వెనక్కి రానక్కరలేదు. అన్నీ ముందునుంచే వేసి, ఏది కలిసిందో చూస్తే సరి.

హ్యాష్ దాచగలిగేది ఊహించడానికి వీలులేనంత పెద్దదాన్నే. అందుకే అసలు విలువకు పొడవైన యాదృచ్ఛిక సంఖ్యను కలిపి హ్యాష్ చేస్తారు. ఆ సంఖ్యను సాల్ట్ అంటారు. సాల్ట్ రహస్యంగా ఉన్నంతవరకే ఇది పనిచేస్తుంది.

అయితే చెయిన్ మీద ఏముండాలి? ధ్రువపత్రం ఇచ్చే సంస్థల బహిరంగ తాళంచెవులు, ధ్రువపత్రంలో ఏయే గళ్ళు ఉంటాయో చెప్పే నమూనా, రద్దయిన పత్రాలను తెలిపే గుర్తులు. మనిషికి సంబంధించిన అసలు పత్రం ఆ మనిషి ఫోనులోనే ఉంటుంది. ప్రపంచ వెబ్ కన్సార్టియం 2019 నవంబరులో ప్రమాణంగా ప్రకటించిన ధ్రువీకరించదగిన పత్రాల నమూనా, 2022 జులైలో ప్రకటించిన వికేంద్రీకృత గుర్తింపుల ప్రమాణం ఈ ఆలోచన మీదే నడుస్తాయి. ఇందులో ముగ్గురు పాత్రధారులు: ఇచ్చేవారు, పట్టుకునేవారు, సరిచూసేవారు. సరిచూసేవారు చెయిన్‌లోని తాళంచెవితో సంతకం సరిచూసుకుంటారు. ఇచ్చిన సంస్థకు ఫోను చేయనవసరం లేదు. దీనివల్ల మీరు ఎప్పుడు ఎక్కడ పత్రం చూపించారో ఇచ్చిన సంస్థకు తెలియదు. చాలామంది ఈ లాభాన్ని గమనించరు గాని, నా దృష్టిలో మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే విలువైనది ఇదే.

10.4 గళ్ళుగా విడదీసిన సంతకం

ఆధార్ సంస్థ ఇచ్చే ఆఫ్‌లైన్ ఇ-కేవైసీ ఫైలు మీలో కొందరు వాడి ఉంటారు. దానిలో పూర్తి ఆధార్ సంఖ్య ఉండదు, చివరి నాలుగు అంకెలే ఉంటాయి. ఫైలు మీద సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది. జిరాక్సు కంటే ఎన్నో రెట్లు మేలు. కాని సంతకం మొత్తం ఫైలు మీద ఒక్కటే. చిరునామా గడిని మీరు చెరిపేస్తే సంతకం చెల్లదు. చూపిస్తే అంతా చూపించాలి.

దీనికి విరుగుడు తేలికైనదే. సంతకం చేసేముందు ప్రతి గడికీ వేరే సాల్ట్ కలిపి వేరే హ్యాష్ తీయాలి. పేరుకు ఒకటి, పుట్టిన తేదీకి ఒకటి, జిల్లాకు ఒకటి. సంతకం ఆ హ్యాష్‌ల వరుస మీద చేయాలి. అతికించిన కవర్ల మీద సీలు వేసి, కవర్లన్నీ మీ చేతికే ఇచ్చినట్టన్నమాట. హాస్టల్లో మీరు పేరు, ఫోటో ఉన్న కవర్లు మాత్రమే తెరుస్తారు, అంటే వాటి విలువలు, వాటి సాల్ట్‌లు ఇస్తారు. మిగతావి మూసే ఉంటాయి, సీలు మాత్రం అన్నిటికీ కలిపి సరిపోతుంది.

10.5 వయసు చెప్పకుండా పద్దెనిమిది దాటాయని చూపడం

పుట్టిన తేదీ కవరు తెరిస్తే తేదీ అంతా తెలిసిపోతుంది. మనకు కావలసింది పద్దెనిమిది దాటాయా లేదా అన్న ఒక్క మాట. పెద్ద గణితం లేకుండా, మీకు ఇప్పటికే తెలిసిన హ్యాష్ ఒక్కదానితో ఈ పని ఎలా జరుగుతుందో చూడండి. కాగితం, కలం తీసుకుని వెంట రండి.

ఒక అమ్మాయికి 23 ఏళ్ళు. వయసు ధ్రువీకరించే సంస్థ ఒక పెద్ద యాదృచ్ఛిక సంఖ్య ఎంచుకుంటుంది. దాన్ని విత్తు అందాం. విత్తును 23 సార్లు వరుసగా హ్యాష్ చేస్తే వచ్చిన విలువను గమ్యం అందాం. సంస్థ గమ్యం మీద సంతకం చేసి, విత్తునూ సంతకం ఉన్న గమ్యాన్నీ ఆ అమ్మాయికి ఇస్తుంది.

హాస్టల్లో 18 దాటాయా అని అడిగారు. ఆమె 23 నుంచి 18 తీసేస్తుంది, 5 మిగిలింది. విత్తును 5 సార్లు హ్యాష్ చేసి, వచ్చిన విలువనూ గమ్యాన్నీ ఇస్తుంది. హాస్టల్ వారు ఆ విలువను మరో 18 సార్లు హ్యాష్ చేస్తారు. 5, 18 కలిపితే 23. సరిగ్గా గమ్యానికి చేరుతుంది. వారికి తెలిసింది ఏమిటి? గమ్యానికి 18 మెట్లు వెనక ఉన్న విలువ ఈమె దగ్గర ఉంది, అంతే. దానికి వెనక ఇంకా 5 మెట్లున్నాయో, 50 ఉన్నాయో, అసలు లేవో చెప్పలేరు, ఎందుకంటే హ్యాష్ మెట్లు దిగవచ్చు గాని ఎక్కలేం.

మరి 16 ఏళ్ళ పిల్లవాడు మోసం చేయగలడా? అతని గమ్యం విత్తుకు 16 మెట్ల దూరంలోనే ఉంది. 18 మెట్లు చూపాలంటే విత్తుకు రెండు మెట్లు పైన ఉన్న విలువ కావాలి. అది అతనికి ఎవరూ ఇవ్వలేదు, అతను కనిపెట్టలేడు.

ఇంత చక్కగా ఉన్న పద్ధతిలో రెండు లోపాలు ఉన్నాయి. పాఠం ఇక్కడ ఆపి, అవేమిటో మీరే ఆలోచించి చూడండి.

మొదటిది, హాస్టల్ వారు ఆమె ఇచ్చిన విలువనూ గమ్యాన్నీ దాచుకుని, ఇంకో చోట ఇంకెవరి కోసమో చూపించవచ్చు. దీన్ని ఆపాలంటే, సంస్థ సంతకం చేసేటప్పుడే గమ్యంతో పాటు ఆమె బహిరంగ తాళంచెవిని కూడా చేర్చాలి. సరిచూసేవారు ప్రతిసారీ ఒక కొత్త సంఖ్య పంపి, దాని మీద ఆమె రహస్య తాళంచెవితో సంతకం అడగాలి. రెండవది మరింత లోతైనది. గమ్యం ప్రతిచోటా ఒక్కటే. హాస్టల్, సినిమా హాలు, బీమా ఏజెంటు తమ జాబితాలు పక్కపక్కన పెట్టుకుంటే, పేరు తెలియకపోయినా ఒకే మనిషి మూడు చోట్లకూ వచ్చిందని తెలిసిపోతుంది. వాటిలో ఏ ఒక్కచోటైనా పేరు ఇచ్చి ఉంటే మూడు చోట్లా పేరు తెలిసినట్టే. పేరు దాచడం వేరు, జాడ కలపకుండా చూడటం వేరు. మొదటిది చేసి రెండవది మరిచిపోయిన వ్యవస్థలే ఎక్కువ.

10.6 శూన్యజ్ఞాన నిరూపణ

జాడ కూడా మిగలకూడదంటే సంతకాన్నే చూపకూడదు. సంతకం నా దగ్గర ఉంది అని నిరూపించాలి గాని సంతకం ఇవ్వకూడదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది. షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలి, చార్లెస్ రాకాఫ్ 1985లో ఇలాంటి నిరూపణలకు నిర్వచనం ఇచ్చారు. దీన్ని జీరో నాలెడ్జ్ ప్రూఫ్ అంటారు, మనం శూన్యజ్ఞాన నిరూపణ అందాం.

ఎర్ర గాజు ఒకటి, ఆకుపచ్చ గాజు ఒకటి తీసుకోండి. మిగతా అన్నిటిలో ఒకేలా ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనబడని స్నేహితుడి చేతిలో పెట్టండి. రెండూ వేరని మీరంటారు, అతను నమ్మడు. అతను వాటిని వీపు వెనక పెట్టుకుని, ఇష్టమైతే చేతులు మార్చి, లేకపోతే మార్చకుండా మళ్ళీ చూపిస్తాడు. మార్చాడో లేదో మీరు చెప్పాలి. గాజులు నిజంగా ఒకటే అయితే మీరు ఊహించి చెప్పాలి, సగం సార్లు తప్పుతారు. ఇరవై సార్లు వరుసగా సరిగ్గా చెప్పే అవకాశం 10,48,576లో ఒకటి. ఇరవై సార్లయ్యాక అతను నమ్ముతాడు. కాని ఏది ఎర్రదో అతనికి ఇప్పటికీ తెలియదు.

నెట్‌వర్కులో ప్రతివారితోనూ ఇరవై సార్లు కూర్చోలేం. అమోస్ ఫియట్, అడి షమీర్ 1986లో దారి చూపారు: స్నేహితుడు వేసే ప్రశ్నల స్థానంలో, మనం ముందుగా ఇచ్చిన మాటల హ్యాష్‌నే ప్రశ్నగా తీసుకోవడం. హ్యాష్ ఎలా వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు కాబట్టి మోసానికి చోటు తక్కువ. అలా నిరూపణ ఒక చిన్న ఫైలుగా మారింది, ఎవరైనా ఎప్పుడైనా సరిచూడవచ్చు. జాన్ కమెనిష్, అన్నా లిస్యాన్‌స్కయా 2001లో మొదలుపెట్టి ప్రతిపాదించిన సంతకాలు ఇలాంటి నిరూపణకు అనువుగా మలిచినవి. అదే పత్రాన్ని వందసార్లు చూపినా వంద నిరూపణలూ ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టే కనిపిస్తాయి. వాటి గణితం పట్టభద్ర స్థాయికి మించినది; పరీక్షకు అవసరం లేదు.

10.7 చిట్టీకి షూరిటీ

ఇప్పుడు ఇవన్నీ మన వీధిలోకి తెచ్చి చూద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో బ్లాక్‌చెయిన్ జిల్లా ఏర్పాటుకు టెక్ మహీంద్రాతో ఒప్పందం చేసుకుంది. రిజిస్టర్డ్ చిట్‌ఫండ్ల పర్యవేక్షణకు రిజిస్ట్రేషన్ శాఖ కోసం టీ-చిట్స్ అనే బ్లాక్‌చెయిన్ వ్యవస్థ కూడా వచ్చింది. దాన్ని హైదరాబాద్ సంస్థ చిట్‌మాంక్స్ రూపొందించింది. చిట్టీ నడిపేవారి అనుమతులు, లెక్కలు తారుమారు కాకుండా చూడటం దాని పని. దాని లోపలి నిర్మాణం మన విషయం కాదు. అలాంటి పుస్తకం ఒకటి ఉన్నప్పుడు, దానికి గోప్యత గల గుర్తింపు జోడిస్తే ఎలా ఉంటుందన్నది మన అభ్యాసం. ఇకమీద చెప్పేది ఊహా నమూనా అని గుర్తుంచుకోండి.

ఇరవైమంది, నెలకు 5,000 రూపాయలు, లక్ష రూపాయల చిట్టీ. మూడో నెలలో ఒకరు పాట పాడుకున్నారు. మిగిలిన పదిహేడు వాయిదాలు కడతారన్న పూచీ ఏమిటి? కంపెనీ షూరిటీ అడుగుతుంది. అప్పుడు పాడుకున్నవారు తోడల్లుడినో, సహోద్యోగినో బతిమాలుకుని జీతం స్లిప్పు, ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చి ఇస్తారు. తోటి ఉద్యోగి అప్పులు, కోతలు అన్నీ ఆ స్లిప్పులో ఉంటాయి. షూరిటీ ఉండటానికి కాదు, స్లిప్పు చూపడానికి మొహమాటపడి కాదన్నవారిని నేను చూశాను.

కంపెనీకి కావలసినవి మూడు మాటలు. ఈయనకు ఉద్యోగం ఉంది. నికర జీతం 40,000 దాటింది. ఇప్పటికే ఇద్దరికి మించి షూరిటీ లేడు. మొదటి రెండూ మనకు వచ్చేశాయి: జీతం ఇచ్చే కార్యాలయం డిజిటల్ పత్రం ఇస్తుంది, దాని బహిరంగ తాళంచెవి చెయిన్ మీద ఉంటుంది, షూరిటీ తన ఫోను నుంచి శూన్యజ్ఞాన నిరూపణ పంపుతాడు. జీతం ఎంతో చెప్పడు, దాటిందని మాత్రం తేలుతుంది.

మూడవది కష్టం. జాడ కలవకూడదన్నాం, కలవకపోతే అతను పదిమందికి షూరిటీ ఉన్నా ఎలా తెలుస్తుంది? దీనికి ఒక ఉపాయం ఉంది. అతని రహస్య సంఖ్యనూ, చిట్టీ షూరిటీ అన్న పేరునూ, 1 లేదా 2 అన్న వరుస సంఖ్యనూ కలిపి హ్యాష్ చేయాలి. ఆ విలువను చెయిన్ మీద రాయాలి. సరైన రహస్యంతోనే, వరుస సంఖ్య 1 లేదా 2తోనే ఈ హ్యాష్ చేశానని నిరూపణలో భాగంగా చూపాలి. అతని దగ్గర రెండే టోకెన్లున్నట్టు లెక్క. మూడోసారి వస్తే పాత విలువే మళ్ళీ వస్తుంది, నెట్‌వర్కు ఒప్పుకోదు. మొదటి రెండు విలువలూ ఒకరివే అని మాత్రం ఎవరూ చెప్పలేరు. ఇదే పేరును చిట్టీలకు కాక బ్యాంకు అప్పులకూ హాస్టళ్ళకూ వాడితే మళ్ళీ జాడ మొదలవుతుంది. కాబట్టి ఆ పేరు ఎంత విశాలంగా ఉండాలన్నది ప్రోగ్రామరు ఒక్కడే తేల్చే విషయం కాదు.

ఇంకొకటి. పాడుకున్నవారు ఎగ్గొడితే? అప్పుడు షూరిటీ పేరు కావాలి. పేరు లేని షూరిటీ మీద ఎవరూ దావా వేయలేరు, అలాంటి షూరిటీని ఏ కంపెనీ ఒప్పుకోదు. అందువల్ల పేరును గుప్తీకరించి కంపెనీకి ఇవ్వాలి. కవరులో ఉన్నది నిజమైన పేరేనని నిరూపణ ఉండాలి. కవరు తెరిచే తాళంచెవి మాత్రం వేరొకరి దగ్గర ఉండాలి. ఎవరి దగ్గర? 1982 చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం చిట్టీ వివాదాలు రిజిస్ట్రార్ ముందుకు వెళ్తాయి. ఆయన దగ్గర ఉంచడం సహజంగా కనిపిస్తుంది. ఒక్కరి దగ్గరే ఉంచడం నాకు ఇష్టం లేదు. షమీరే 1979లో చెప్పిన రహస్య విభజన పద్ధతితో తాళంచెవిని మూడు ముక్కలు చేసి, ఏ రెండు కలిసినా తెరుచుకునేలా రిజిస్ట్రారుకు ఒకటి, కంపెనీకి ఒకటి, చందాదారుల ప్రతినిధికి ఒకటి ఇవ్వవచ్చు. అయితే కంపెనీ, ప్రతినిధి కుమ్మక్కైతే ఏమిటి? మూడూ కలవాలంటే ఒకరి ముక్క పోయినప్పుడు ఏమిటి? ఈ ప్రశ్నలకు గణితం జవాబు చెప్పదు, వాటి ఫలితాలను మాత్రం స్పష్టంగా చూపుతుంది.

10.8 మిగిలిన చిక్కులు

ఇరవైమంది చిట్టీలో నికర జీతం రెండు లక్షలు దాటింది అని ఎవరైనా నిరూపిస్తే, ఆయన ఎవరో పక్కింటివారు కూడా చెబుతారు. గుంపు చిన్నదైతే షరతే పేరు చెప్పేస్తుంది.

రహస్య సంఖ్య ఫోనులో ఉంటుంది. ఫోను పోతే, పాడైతే? బ్యాంకు పాస్‌వర్డులా ఫోను చేసి మార్పించుకునే కేంద్రం వికేంద్రీకృత వ్యవస్థలో ఉండదు; పాతదాన్ని రద్దుచేసి కొత్తది తీసుకోవాలి, రద్దు వివరం చెయిన్‌కు ఎక్కాలి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట ఆ రహస్యం ఎవరిది? ఇక మీట నొక్కే ఫోను వాడే పెద్దవాళ్ళ సంగతి ఈ రంగంలో రాసేవారు సాధారణంగా ఎత్తరు. వారికి కాగితం దారి తెరిచే ఉంచాలి. కాగితం తెచ్చినవారిని అనుమానంగా చూడకుండా ఉండాలి కూడా.

ఇంకా మొత్తం గొలుసు మొదటి పత్రం ఇచ్చినవారి నిజాయితీ మీదే ఆధారపడి ఉంది. కార్యాలయం దొంగ జీతం పత్రం మీద సంతకం చేస్తే, చెయిన్ ఆ అబద్ధాన్ని కూడా చెరగకుండా భద్రపరుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పది అంకెల మొబైల్ నంబరు 6, 7, 8, 9లలో ఒక దానితో మొదలవుతుంది. సాల్ట్ లేకుండా దాని హ్యాష్‌ను చెయిన్ మీద రాస్తే, సెకనుకు వంద కోట్ల హ్యాష్‌లు లెక్కించే కార్డుకు అన్ని నంబర్లూ వేయడానికి ఎంత సేపు పడుతుంది?

10.5లోని అమ్మాయి మొదట ఒకచోట 18 దాటాయని, తరువాత అదే చోట 21 దాటాయని చూపింది. రెండోసారి ఆమె విత్తును ఎన్నిసార్లు హ్యాష్ చేసి ఇవ్వాలి? ఆ రెండో విలువ చేతిలో ఉన్నవారు మొదటి విలువను తామే తయారుచేసుకోగలరా? కారణం రాయండి.

మీరు ఉంటున్న చోట ఈ సంవత్సరం ఎవరెవరికి ఆధార్ జిరాక్సు ఇచ్చారో ఒక కాగితం మీద రాయండి. ప్రతి దాని ఎదురుగా, వారికి నిజంగా కావలసిన ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. కాంటాక్టు తరగతికి ఆ కాగితం తీసుకురండి. మీ పేరు రాయనవసరం లేదు.